చీమ కంటికి చవక దారి: తిరగేసిన లెన్సు ఇచ్చేదెంత, పుచ్చుకునేదెంత?

2021లో ఒప్పో తన ఫైండ్ ఎక్స్3 ప్రో ఫోనులో 60 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని కెమెరా ఉందని ప్రకటించింది. అదే ఏడాది ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ చేసే మాక్రోతో, అంటే అతి దగ్గరి ఫొటోలు తీసే వీలుతో, వచ్చింది. చవక ఫోన్ల వెనక కూడా ‘మాక్రో’ పేరుతో ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా చేరడం మామూలైపోయింది. మరోపక్క పెద్ద కెమెరాల వాళ్లను అడిగితే 1:1 వస్తేనే అసలైన మాక్రో అంటారు. అందుకు పనికొచ్చే కొత్త లెన్సుకు పదుల వేలు పెట్టాలంటారు. ఇంతలో ఎవరో కెమెరాతో పాటే వచ్చిన పాత కిట్ లెన్సును వెనక్కు తిప్పి, కొన్ని వందల రూపాయల రింగుతో కెమెరాకు బిగించి, చీమ కంటిలోని గళ్లు కనబడే ఫొటో తీసి చూపిస్తారు. అది నాలుగు రెట్లట.

60 పెద్దదా, 4 పెద్దదా, 1 పెద్దదా? ఇవి ఒకే కొలబద్దతో కొలిచినవి కావు కాబట్టి ఆ ప్రశ్నకే అర్థం లేదు. ఆ కొలబద్దల సంగతి తేలితే ఇంకో విషయం కూడా బయటపడుతుంది. పెద్దదిగా చూపించడం ఈ విద్యలో అన్నిటికన్నా చవకైన భాగం. అసలు ఖర్చు వేరేచోట ఉంది.

## ఎన్ని రెట్లు? ఏ తెర మీద?

కెమెరా లెక్కలో ఆవర్ధనం అంటే సెన్సరు (కెమెరాలో వెలుగును పట్టే పలక) మీద పడే ప్రతిబింబం పొడవును అసలు వస్తువు పొడవుతో భాగిస్తే వచ్చే సంఖ్య. 5 మిల్లీమీటర్ల చీమ సెన్సరు మీద కూడా 5 మిల్లీమీటర్లే పడితే 1:1. 20 మిల్లీమీటర్లు పడితే నాలుగు రెట్లు. ఆ ఫొటోను తర్వాత ఎంత పెద్ద తెర మీద చూస్తారన్నది ఈ లెక్కలోకి రాదు.

సూక్ష్మదర్శిని పేరుతో వచ్చే ఫోను ప్రకటనల్లో మాత్రం తెర కూడా లెక్కలో చేరుతుంది. నాలుగు రెట్ల ఫొటోనే తీసుకుందాం. సెన్సరు వెడల్పు 23.5 మి.మీ. అనుకుందాం, ఏపీఎస్-సీ రకం కెమెరాల్లో ఇంచుమించు ఇంతే ఉంటుంది. 14 సెంటీమీటర్ల ఫోను తెర నిండా దాన్ని చూస్తే, తెర సెన్సరుకు ఆరింతలు కాబట్టి చీమ 24 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. 55 అంగుళాల టీవీ మీద అదే ఫొటో 200 రెట్లు దాటుతుంది. చీమ ఒంటి మీద కొత్తగా ఒక్క నూగు కూడా కనిపించదు, అంకె మాత్రం పెరిగిపోతుంది.

ఇక మూడో లెక్క కంటితో చూసే సూక్ష్మదర్శినులది. వస్తువును 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టి కంటితో చూసినదాన్ని ప్రమాణంగా తీసుకుని, 250 మిల్లీమీటర్లను కటకం నాభ్యంతరంతో భాగిస్తారు. 17వ శతాబ్దంలో డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ ల్యూవెన్‌హాక్ ఒకే ఒక్క గాజు కటకంతో చేసిన పరికరాల్లో ఒకటి నేటికీ యూట్రెక్ట్‌లో ఉంది. దాని సామర్థ్యం 266 రెట్లు. అంటే ఆ కటకం నాభ్యంతరం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం వెలుగులోకి తెచ్చిన కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ కూడా చిన్న గాజు పూసను నమ్ముకున్నదే. చవక కటకాలతో అతి దగ్గరగా చూడటం నిన్నమొన్నటి చిట్కా కాదన్నమాట.

ఈ మూడింటినీ పక్కన పెట్టి, ఫ్రేములో ఎన్ని మిల్లీమీటర్లు పడుతున్నాయి, ఒక్కో మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లు దక్కుతున్నాయి అని అడిగితే గందరగోళం చాలావరకు తీరిపోతుంది. అది తెలుసుకోవడానికి స్కూలు పిల్లల ప్లాస్టిక్ స్కేలు చాలు. స్కేలును ఫొటో తీసి గీతలు లెక్కపెట్టాలి, అంతే.

ఒక నాణెంతో చూద్దాం. రూపాయి నాణెం మీద సంవత్సరం కింద బుల్లి నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో ముద్రించినది. ఆ నక్షత్రం వెడల్పు ఒక మిల్లీమీటరు అనుకుందాం. చవక ఫోనులోని 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఫొటో అడ్డంగా 1600 పిక్సెళ్లు ఉంటుంది. అందులో 5 సెంటీమీటర్ల వెడల్పు పడితే నక్షత్రానికి దక్కేవి 32 పిక్సెళ్లు. 24 మెగాపిక్సెల్ కెమెరాకు మామూలుగా బిగించిన, నాభ్యంతరం 18 నుంచి 55 మి.మీ. దాకా మారే కిట్ లెన్సు అతి దగ్గరి దూరంలో సుమారు మూడో వంతు ఆవర్ధనం ఇస్తుంది. ఫ్రేములో 7 సెంటీమీటర్లు పడతాయి, నక్షత్రానికి 85 పిక్సెళ్లు. 1:1 మాక్రో లెన్సుతో 255. నాలుగు రెట్ల దగ్గర వెయ్యికి పైగా. అప్పుడు ఫ్రేము మొత్తం వెడల్పు 6 మిల్లీమీటర్ల లోపే. నక్షత్రం కొనల దగ్గర అరిగిన గుండ్రదనం, దాని పక్కన జేబుల్లో రుద్దుకుని పడ్డ గీతలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

పేరులో మాక్రో ఉన్న ఆ చిన్న కెమెరా, మామూలు కిట్ లెన్సు కన్నా కూడా వెనకబడి ఉండటం గమనించండి.

## లెన్సు దగ్గరికి ఎందుకు రానివ్వదు?

పదో తరగతిలో చదువుకున్న కటక సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. దూరంగా ఉన్న కొండను ఫొటో తీసేటప్పుడు 50 మి.మీ. లెన్సు లెక్క ప్రకారం సెన్సరుకు 50 మి.మీ. దూరంలో ఉంటుంది. వస్తువు దగ్గరయ్యే కొద్దీ లెన్సు ముందుకు జరగాలి. 1:1 కావాలంటే 100 మి.మీ. దూరానికి, రెండు రెట్లు కావాలంటే 150కి చేరాలి. సూత్రంగా చెప్పాలంటే, లెన్సు అదనంగా జరిగిన దూరాన్ని నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. మామూలు 50 మి.మీ. లెన్సులోని మర ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించి జరగదు. లెన్సు దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం గాజు కాదు, ఆ మర.

అందుకే మొదటి చవక ఉపాయం ఖాళీ గొట్టం. దుకాణంలో ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అని అమ్మేది అదే. ఇంట్లో చేసుకునేవాళ్లు పీవీసీ పైపు ముక్కనో, చిప్స్ డబ్బానో కోసి, కెమెరా మూతకు నడిమధ్య రంధ్రం చేసి అతికిస్తారు. లోపలి గోడ మెరిస్తే ఫొటో పాలిపోతుంది కాబట్టి నల్ల చార్టు చుట్టి పెడతారు.

గొట్టంలో గాజు ఉండదు కాబట్టి నాణ్యత ఏమాత్రం తగ్గదని తరచూ అంటుంటారు. అందులో సగమే నిజం. గొట్టం కొత్త లోపాన్ని చేర్చదు. కానీ లెన్సును దాని రూపకర్త ఊహించని దూరాల్లో పనిచేయిస్తుంది కాబట్టి ఉన్న లోపాలు పైకి తేలతాయి. నాభ్యంతరం చిన్నదై, ఎక్కువ మేర చూపే వైడ్ లెన్సుతో ఇంకో ఇబ్బంది ఉంది. 18 మి.మీ. లెన్సు వెనక 36 మి.మీ. గొట్టం పెడితే కాగితం మీద రెండు రెట్లు వస్తుంది. ఫోకస్ కుదిరే చోటు మాత్రం లెన్సు ముందు గాజుకు తగిలేంత దగ్గరలోనో, ఏకంగా గాజు లోపలో పడుతుంది. అక్కడ చీమను పెట్టలేం.

## తిప్పితే ఏమవుతుంది?

మామూలు లెన్సును ఒకవైపు దూరపు లోకానికి, రెండోవైపు నాలుగైదు సెంటీమీటర్లలో ఉన్న సెన్సరుకు సరిపోయేలా తీర్చిదిద్దుతారు. ఆవర్ధనం ఒకటి దాటగానే ఈ సంబంధం తలకిందులవుతుంది. వస్తువు దగ్గర, సెన్సరు దూరం. కాబట్టి లెన్సును కూడా తలకిందులు చేస్తే దాని రెండు ముఖాలూ తమకు అలవాటైన పనిలోనే ఉంటాయి. తిప్పిన లెన్సు అంచుల దాకా పదునుగా చూపడానికి కారణం ఇదే. ఆవర్ధనం ఒకటి లోపు ఉన్నప్పుడు ఈ లాభం ఉండదు.

తిప్పినప్పుడు వైడ్ లెన్సులే ఎక్కువ పెద్దవిగా చూపుతాయి. ఇది మొదట వింతగా అనిపిస్తుంది. భాగించే సంఖ్య నాభ్యంతరం కదా, అది చిన్నదైతే ఫలితం పెద్దది. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా మీద తిప్పిన 50 మి.మీ. లెన్సు ఇంచుమించు 1:1, 28 మి.మీ. రెండు రెట్లకు కాస్త పైన, కిట్ లెన్సు 18 మి.మీ. దగ్గర మూడున్నర, నాలుగు రెట్లు ఇస్తాయి. జూమ్ తిప్పితే ఆవర్ధనం మారుతుంది. అన్నిటిలోనూ వస్తువుకు, లెన్సుకు మధ్య దూరం మాత్రం దాదాపు 4 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. ఎందుకంటే ఆ వైపు సెన్సరుకని వదిలిన చోటు అంతే.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. లెన్సు, కెమెరా మాట్లాడుకునే లోహపు చుక్కలు ఇప్పుడు గాలిలో ఉంటాయి. ఆటోఫోకస్ పోతుంది. అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, దాన్ని చిన్నదీ పెద్దదీ చేయవచ్చు) సంగతి కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. అపర్చర్ రింగు ఉన్న పాత లెన్సుల్లో చేత్తో తిప్పుకోవచ్చు. నికాన్ జీ రకం లెన్సు కెమెరా నుంచి విడదీయగానే అపర్చర్‌ను పూర్తిగా మూసేస్తుంది. వెనక ఉన్న చిన్న మీటను మడిచిన కాగితంతో ఆపి కొంత తెరుస్తారు. కానన్ ఈఎఫ్ లెన్సుల్లో అది విద్యుత్తుతో నడుస్తుంది. కెమెరాలో కావలసిన విలువ పెట్టి, అపర్చర్ ముందే మూసి చూపే బటన్‌ను నొక్కి పట్టుకుని లెన్సు విప్పితే అక్కడే నిలిచిపోతుంది. కెమెరా ఆన్‌లో ఉండగా లెన్సు విప్పడం ఇష్టంలేనివాళ్లు దీని జోలికి పోరు, వాళ్ల జాగ్రత్తను తప్పుపట్టలేం. వీటన్నిటికీ తోడు, కెమెరా లోపల దాగి ఉండాల్సిన వెనక గాజు ఇప్పుడు పూల పుప్పొడికి, దుమ్ముకు ఎదురుగా నిలబడుతుంది.

## మరికొన్ని అడ్డదారులు

లెన్సు ముందు బిగించే క్లోజప్ ఫిల్టరు కళ్లద్దాల లాంటిదే, డయాప్టర్లలోనే కొలుస్తారు. +4 అంటే నాభ్యంతరం 250 మి.మీ. 100 మి.మీ. లెన్సు ముందు పెడితే 100ను 250తో భాగించి 0.4 రెట్లు. ఒంటి గాజు రకంలో తెల్లటి అంచుల చుట్టూ ఊదా, ఆకుపచ్చ పీచులు కనిపిస్తాయి. రెండు రకాల గాజు కలిపి అతికించినవి ఆ లోపాన్ని చాలావరకు సరిచేస్తాయి, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

పొడవాటి లెన్సు ముందు మరో లెన్సును తిప్పి బిగించడం ఇంకో పద్ధతి. 200 మి.మీ. లెన్సుకు 50 మి.మీ. లెన్సును ఎదురుగా పెడితే 200 భాగించు 50, నాలుగు రెట్లు. వెనక లెన్సు కెమెరాకు మామూలుగానే అంటుకుని ఉంటుంది కాబట్టి అపర్చర్ మీద అదుపు పోదు. ముందు లెన్సు చిన్నదైతే మూలలు నల్లబడతాయి.

ఫోన్ల మీద కూడా ఇదే సూత్రం నడుస్తుంది. ఒకే నాభ్యంతరం ఉన్న రెండు ఫోను లెన్సులను ఎదురెదురుగా పెడితే 1:1. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఈ అమరికనే చవక సూక్ష్మదర్శినిగా వివరించారు. ఫోను సెన్సరు కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి 1:1 దగ్గరే ఫ్రేములో కొన్ని మిల్లీమీటర్లే పడతాయి. పాడైన లేజర్ పాయింటర్‌లోంచి తీసిన కటకాన్ని జుట్టు క్లిప్పుతో ఫోనుకు తగిలించేవాళ్లు తెలియకుండానే ఇంచుమించు ఇదే చేస్తున్నారు. నీటి చుక్క కూడా కుంభాకార కటకమే, కానీ ఫోను కాస్త వంచితే జారిపోతుంది.

## పుచ్చుకునేవి: వెలుగు, లోతు, పదును

నాలుగు రెట్లు ఇచ్చిన ఆ వందల రూపాయల రింగు వసూళ్లు మొదలుపెట్టేది ఇక్కడే.

మొదటిది వెలుగు. ప్రతిబింబాన్ని పెద్దది చేయడమంటే అంతే వెలుగును ఎక్కువ మేర పరచడం. ఆవర్ధనానికి ఒకటి కలిపి వర్గం చేస్తే ఎన్ని రెట్లు తగ్గిందో తెలుస్తుంది. 1:1 దగ్గర నాలుగో వంతు మిగులుతుంది, నాలుగు రెట్ల దగ్గర ఇరవై ఐదో వంతు. లెన్సును బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ తీరు ఇదే. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. అందుకే ఫ్లాష్ తప్పనిసరి అవుతుంది. తక్కువ శక్తితో కొట్టిన ఫ్లాష్ వెలుగు సెకనులో వేలవ వంతుల్లో ముగుస్తుంది కాబట్టి వణుకు ఫొటోలోకి దిగేలోపే పని అయిపోతుంది. కానీ చీమ తల నున్నటి పెంకు. ఫ్లాష్ నేరుగా పడితే నుదుటి మీద తెల్లటి మచ్చ ఒకటి మెరిసి, దాని కింద ఉన్న సన్నటి గీతలన్నిటినీ మింగేస్తుంది. నూనె కాగితమో, ట్రేసింగ్ పేపరో, అడుగు కోసిన థర్మోకోల్ కప్పో ఫ్లాష్‌కు, చీమకు మధ్య పెడితే ఆ మచ్చ పలచబడి తలంతా పరుచుకుంటుంది, గీతలు తిరిగి తేలతాయి. చవక మాక్రోలో చూడగానే తేడా కొట్టొచ్చినట్టు కనిపించే వస్తువు లెన్సు కాదు, ఈ కాగితం ముక్కే అని నా అభిప్రాయం.

రెండోది లోతు. ఎంత మందం ఫోకస్‌లో ఉంటుందో లెక్కేస్తే, ఏపీఎస్-సీ కెమెరాలో అపర్చర్ ఎఫ్/8 (ఈ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర 1:1కి సుమారు 0.64 మి.మీ. వస్తుంది. నాలుగు రెట్లకు 0.1 మి.మీ., అంటే ఒక కాగితం మందం. చీమ కన్ను ఫోకస్‌లో ఉంటే దవడ ఉండదు, దవడ ఉంటే మీసం ఉండదు.

అలాగైతే అపర్చర్ ఇంకా మూస్తే సరిపోదా? అక్కడ మూడో వసూలు ఎదురవుతుంది, వివర్తనం. చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు కొద్దిగా విచ్చుకుంటుంది, చుక్క చుక్కగా పడకుండా చిన్న బిళ్లగా పడుతుంది. నాలుగు రెట్ల దగ్గర లెన్సు మీద ఎఫ్/8 అని ఉన్నా, సెన్సరు వైపు నుంచి చూస్తే, ఆవర్ధనానికి ఒకటి కలిపిన అయిదుతో ఎనిమిదిని గుణించినంత, అది ఎఫ్/40. ఆకుపచ్చ వెలుగుకు ఆ బిళ్ల వ్యాసం సుమారు 54 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సరులో పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్ల లోపు. పదమూడు పద్నాలుగు పిక్సెళ్లు ఒకే చుక్కను మోస్తున్నాయన్నమాట. ఎఫ్/4కు తెరిస్తే బిళ్ల సగమవుతుంది, కానీ ఫోకస్‌లో ఉండే పొర కూడా 0.05 మి.మీ.కి పడిపోతుంది.

లోతు పెంచితే పదును పోతుంది, పదును పెంచితే లోతు పోతుంది. ఈ బిగింపు లక్ష రూపాయల లెన్సుకు కూడా వర్తిస్తుంది. ఎఫ్/40 దగ్గర వివర్తనం అన్ని లెన్సులనూ ఒకే స్థాయికి దించుతుంది. చవక లెన్సు, ఖరీదైన లెన్సు ఫొటోలు పక్కపక్కన పెట్టి తేడా లేదని చూపించే పోలికల్లో చాలావాటి గుట్టు ఇదే.

## పొరలు కలిపితే నిజమైన ఫొటోయేనా?

బిగింపు నుంచి తప్పించుకునే మార్గం ఒకటుంది. అపర్చర్ తెరిచి పెట్టి, కెమెరాను పొర మందం కన్నా తక్కువగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, ప్రతి దానిలోని పదునైన భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలపడం. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. చీమ తల లోతు ఒక మిల్లీమీటరు, పొర 0.05 అయితే కనీసం 20 ఫొటోలు, ఒకదాని మీద ఒకటి కొంత పడాలి కాబట్టి 30 దాకా కావాలి. జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ డబ్బు పెట్టి కొనేవి, ఎన్‌ఫ్యూజ్ ఉచితం.

ఇది చేతిపనితనమా, మాయా అన్నది పాత తగవు. ఇది నిజమైన ఫొటో కాదనేవాళ్ల మాట: ఆ చీమ ఏ ఒక్క క్షణంలోనూ అలా కనిపించలేదు, వెంట్రుకలు ఒకదాన్నొకటి దాటే చోట సాఫ్ట్‌వేర్ లేని అంచులను పుట్టిస్తుంది. ఔననేవాళ్ల మాట: ఒక్క ఫొటోలో కాగితం మందం మాత్రమే కనిపించడం లెన్సు పరిమితి, చీమ స్వభావం కాదు, కీటకాలను గుర్తించేవాళ్లకు మొత్తం తల కావాలి. రెండు మాటల్లోనూ బలం ఉంది. పోటీల్లో కొన్ని స్టాకింగ్‌ను ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

ఇంకో తగవు దీని వెనకే వస్తుంది. ముప్పై ఫొటోలు అయ్యేదాకా చీమ కదలకూడదు. చచ్చి పడి ఉన్నవాటిని ఏరుకునేవాళ్లు ఉన్నారు, తెల్లవారుజామున చల్లదనానికి మొద్దుబారి ఉన్నప్పుడు తీసేవాళ్లు ఉన్నారు, ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చేవాళ్లూ ఉన్నారు. చివరి పద్ధతిని ప్రకృతి ఫొటోగ్రాఫర్లలో చాలామంది ఒప్పుకోరు. తేరుకుంటాయి కదా అని సమర్థించేవాళ్లు, ఎంత చల్లదనానికి ఏ పురుగు తట్టుకుంటుందో అందరికీ తెలుసనుకుంటే పొరపాటు. ఎలా తీశారో ఫొటో కింద రాయడం దగ్గర మాత్రం రెండు పక్షాల్లోనూ ఎక్కువమంది ఏకీభవిస్తారు.

## డబ్బు ఎక్కడ పనిచేస్తుంది?

100 మి.మీ. మాక్రో లెన్సు 1:1 దగ్గర సీతాకోకచిలుకకు దాదాపు 13, 14 సెంటీమీటర్లు ఎడంగా ఉండి పనిచేస్తుంది. అపర్చర్ కెమెరాలోంచే మారుతుంది, ఆటోఫోకస్ ఉంటుంది, కొండ నుంచి కన్ను దాకా ఒకే లెన్సుతో తీయవచ్చు. తిప్పిన లెన్సుతో 4 సెంటీమీటర్ల దూరానికి చేరేసరికి ఎగిరే పురుగు ఎగిరిపోతుంది. డబ్బు కొనేది ఈ వీలునే. నాణెం, గింజ, మందార పుప్పొడి, చీర జరీ పోగు లాంటి కదలని వస్తువులకైతే ఆ వీలుతో పెద్దగా పని లేదు.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక పాత లెక్క కాస్త మారింది. కానన్ ఈఎఫ్ కెమెరాల్లో లెన్సు బిగించే అంచు నుంచి సెన్సరుకు 44 మి.మీ.; సోనీ ఈ రకంలో 18 మాత్రమే. ఆ 26 మి.మీ. తేడాను 28తో భాగిస్తే 0.93. అంటే అదే 28 మి.మీ. లెన్సును సోనీకి సరిపోయే రింగుతో తిప్పి బిగిస్తే రెండు రెట్ల బదులు ఒకటి పైచిలుకు వస్తుంది. రింగు పనిచేయడం లేదని నిరాశపడేవాళ్లకు జవాబు ఇదే. మధ్యలో 26 మి.మీ. గొట్టం చేరిస్తే లెక్క సరిపోతుంది.

నాలుగు రెట్లకు చేరాక తిప్పిన లెన్సు కన్నా స్కూలు ప్రయోగశాల సూక్ష్మదర్శిని ముక్కుకు ఉండే ఆబ్జెక్టివ్ మేలు. 160 మి.మీ. నాళం కోసం చేసిన పాత రకాన్ని, దాని భుజం (మర ఆగే అంచు) నుంచి సెన్సరుకు 150 మి.మీ. ఉండేలా గొట్టంతో బిగిస్తే చాలు. దాని మీద 4/0.10 అని ఉంటే మొదటిది ఆవర్ధనం, రెండోది ఎంత వెడల్పు శంకువులో వెలుగును పోగుచేస్తుందో చెప్పే సంఖ్య. నాలుగును 0.10కి రెట్టింపుతో భాగిస్తే 20, అంటే సెన్సరు వైపు ఎఫ్/20. ఎఫ్/8 దగ్గర తిప్పిన కిట్ లెన్సు ఎఫ్/40కి దిగజారిన చోట ఇది వివర్తనాన్ని సగానికి తగ్గిస్తుంది. 10/0.25 రకం కూడా ఎఫ్/20యే, కానీ దాని ఫోకస్ పొర 9 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరు తలకు వందకు పైగా ఫొటోలు కావాలి, ప్రతిసారీ మిల్లీమీటరులో నూరో వంతు కన్నా తక్కువ జరపాలి. కెమెరాను అలా జరిపే మోటారు పట్టాల ధర లెన్సుల ధరకు దీటుగా ఉంటుంది. అందుకే చవక దారి వదలనివాళ్లు పాత సూక్ష్మదర్శినిని పక్కకు పడుకోబెట్టి, దాని సన్నమరతో కదిలే బల్ల మీదే చీమను కూర్చోబెడతారు.